గుంట మళ్ళీ కప్పినవాడు

మా ఊళ్ళో అరటికల్లు తాగిన ప్రతివాడూ ఒచాయ కాళ్ళు కడిగిన నీళ్ళు తాగినట్టేనని మా తోటికోడలు కబొనేస అంటూ ఉంటుంది. అంటూనే రెండో సొరకాయబుర్ర ముంచుకుంటుంది.

మాటలో అబద్ధమేమీ లేదు. మాగిన అరటిపళ్ళు ఒలిచి చెక్క దోనెలో పోసి, మీద గడ్డి పరిచి, రసం దిగేదాకా కాళ్ళతో తొక్కాలి. ఊళ్ళో అందరికీ ఆ పని చేసిపెట్టేవాడు ఒచాయ. పొడుగాటి మనిషి, పాదాలు మరీ పొడుగు. తొక్కేటప్పుడు దోనె అంచు పట్టుకోడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరితోనో వాదన పెట్టుకున్నవాడిలా తల ఆడిస్తూ తొక్కుతాడు. రసం వడగట్టి, నీళ్ళు కలిపి, వేయించిన జొన్నపిండి చల్లి, ఆకులు కప్పి, "ఇక దీన్ని పలకరించకండి, దీని పని ఇది చేసుకుంటుంది" అని చెప్పి పోతాడు.

అతను సరస్సు అవతలివాడు. కాంగో కొండల వైపు నుంచి పడవెక్కి వచ్చి, కొన్నేళ్ళు రేవులో వలలు అల్లి, ఆ తర్వాత మా ఊరు చేరాడు. ఎందుకు వచ్చాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. పెళ్ళాన్ని కొట్టి పారిపోయి వచ్చాడని కొందరు, పెళ్ళామే కొట్టి తరిమిందని కొందరు అన్నారు. అడిగితే, "రెండూ నిజమే అనుకోండమ్మా" అనేవాడు. వాళ్ళ భాషలో అతని పేరుకు 'నన్ను చులకన చేశారు' అని అర్థమట. ఇరుగుపొరుగు మీది కోపంతో వాళ్ళమ్మ పెట్టిందట. మా ఊరు వచ్చాక మేం ఆ పేరు నిలబెట్టాం.

మాలో పేరు పెట్టి పిలవడమంటే మనిషి మీద కోపంగా ఉన్నట్టు లెక్క. పుట్టిన బిడ్డకు పేరుతోపాటు ఒక ముద్దుపేరు కూడా ఇస్తాం. నేను అబ్వోలిని, మా ఆయన బలింద అతేని, కబొనేస అకీకి. ఆ ముద్దుపేర్లు గుప్పెడే, ఊరంతా వాటినే పంచుకుంటాం. ఎదురుపడిన మనిషిని ముద్దుపేరుతో పలకరించకపోతే తిట్టినదాని కంటే ఎక్కువ. బయటివాడు వచ్చి మాలో కలిసిపోతే, ఎవరో ఒకరు చోళ్ళ సంకటి పెట్టి, తమ ఇంట్లోని ముద్దుపేరు ఒకటి అతనికీ ఇస్తారు. ఒచాయకు ఎవరూ ఇవ్వలేదు. అతను వచ్చిననాడు పుట్టినవాళ్ళు బిడ్డల్ని ఎత్తారు, అతను మాత్రం "ఓ కల్లోడా" దగ్గరే ఉండిపోయాడు.

దానికి అతని గుడిసె కూడా ఒక కారణం. ఊరు దాటి, వాగు గట్టున, అడవి మొదట్లో కట్టుకున్నాడు. ఒకప్పుడు అది అడవి. చెరుకు తోటలు వచ్చాక వాగు వెంట ఒక పేలికలా మిగిలింది. ఆ పేలికలోనే చింపాంజీలు ఉంటాయి. వేరే చోటు లేదు వాటికి. పనస పండితే మా పెరళ్ళలోకి వస్తాయి, మామిడి పండితే బడి వెనక్కి వస్తాయి. వాటి పక్కన ఒంటరిగా ఉండే మనిషిని ఎవరు నమ్ముతారు? సరస్సు అవతల వాటిని కోసుకు తింటారట, అందుకే అక్కడ కాపు కాశాడని కొందరన్నారు. కాదు, వాటికి వండి పెడుతున్నాడని ఇంకొందరన్నారు. తింటాడన్నవాళ్ళూ, తినిపిస్తాడన్నవాళ్ళూ ఒకే కుండ చుట్టూ కూర్చుని అతను చేసిన కల్లే తాగుతూ ఆ మాటలు అనేవాళ్ళు.

నేనూ నమ్మలేదు. నా కారణం వేరు.

పెద్ద వానల్లో మా కునిహిర జ్వరంతో పోయింది. ఒక్కతే పిల్ల. దాని ముద్దుపేరు అద్యేరి. ఇంటి వెనక అరటితోటలో, మా అత్తగారి సమాధి పక్కనే పెట్టాం. ఆ రోజు ఒచాయ వచ్చి కంచె బయట నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "బిడ్డను తొందరగా దించేశారమ్మా" అన్నాడు. అంతే, తిరిగి చూడకుండా పోయాడు.

ఆ మాట ఎందుకన్నాడు? తొందరపడి పాతిపెట్టామనా? బిడ్డ ప్రాణంతో ఉందనా? లేక వాళ్ళ వైపు అది శాపనార్థమా? ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజు నుంచి ఒచాయ మా కంచె పక్కగా వెళ్తే నేను చేతిలో పని ఆపి, కనుమరుగయ్యేదాకా చూసేదాన్ని.

అదే ఏడు చిన్న వానలు మొదలయ్యే ముందు గుంటల గొడవ వచ్చింది.

కల్లు అరటిని మేం గుంటలో మాగవేస్తాం. గుంటలో ఎండాకు కాల్చి వేడి పట్టించి, పచ్చి ఆకు పరిచి, గెలలు పేర్చి, మళ్ళీ ఆకు కప్పి, మన్ను పోసి తడతాం. కొద్ది రోజులకు తీస్తే వాసన అరమైలు పోతుంది. ముందు మా ఊరి చైర్మన్ బిగిర్వ ఇంటి గుంట తీస్తే సగం పళ్ళు లేవు. తర్వాత కబొనేస వాళ్ళది. రెండింటి మీదా ఆకు సరిగ్గానే ఉంది, మన్ను సరిగ్గానే ఉంది. పళ్ళే లేవు.

కబొనేస వాకిట్లో కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తున్నాం.

"చింపాంజీలే" అంది కబొనేస. "మొన్న మా పనసచెట్టు కింద నుంచి ఒకటి, రెండు చేతులా కాయ పట్టుకుని రెండు కాళ్ళ మీద నడిచి పోయింది. వెనక నుంచి చూసి మా ఆయనే అనుకున్నా. పిలిచా కూడా."

"పలికిందా?" అన్నాను.

"ఆయనైతే మాత్రం పలుకుతాడా?"

బిగిర్వ అటుగా వెళ్తూ ఆగాడు. మనిషి మంచివాడే గానీ, ఎవరి మీదైనా నేరం పడితే తప్ప అతనికి రోజు గడిచినట్టుండదు.

"చింపాంజీ కాదు, అకీకీ" అన్నాడు. "చింపాంజీకి మనలాగే చేతులున్నాయి, గోళ్ళున్నాయి, ఆకలుంది. గుంట తవ్వుతుంది, తింటుంది, తొక్కలు నీ మొహాన పడేసి పోతుంది. అంతేగానీ మళ్ళీ ఆకు పరిచి, మన్ను పోసి, అరిచేత్తో తట్టి పోదు. తిన్నచోట సర్దేది మనిషొక్కడే. ఎందుకంటే దొంగతనమని తెలిసేది వాడికే."

"మా ఆయన తిన్నచోట సర్దగా నేనెప్పుడూ చూడలేదు" అంది కబొనేస.

"నవ్వు, నవ్వు. గుంటలో పండు ఏ రోజుకు మాగుతుందో, ఏ మూల ముందు మాగుతుందో ఊళ్ళో అందరికంటే బాగా ఎవరికి తెలుసు? అది చెప్పు."

అందరం వాగు వైపు చూశాం.

మా అత్తగారు బతికున్నప్పుడు ఒక మాట చెప్పేది. చింపాంజీలు ఒకప్పుడు మనుషులేనట. రాజుగారి వెట్టి పడలేక అడవిలోకి పారిపోయారట. మాటలు వచ్చినా మాట్లాడరట, మాట్లాడితే ఎవరో ఒకరు పని చెబుతారని. చిన్నప్పుడు కునిహిర ఆ కథ విని, "అయితే నేనూ మాట్లాడను, గిన్నెలు నువ్వే తోముకో" అంది. ఆ పూటంతా మాట్లాడలేదు.

మా ఆడపడుచు కూతురిని పెళ్ళికి ఇచ్చే వేడుక దగ్గర పడింది. కల్లు మా ఇంటి నుంచి పోవాలి. బలింద మా గుంట నింపాడు. అతను చెరుకు కోతకు పోయేవాడు కాబట్టి పగలంతా కాపలా ఉండలేడు. గుంటకు అటూ ఇటూ పుల్లలు గుచ్చి, మీదుగా అరటినార లాగి, తన పద్ధతిలో ముడి వేశాడు. "ఎవడు తీసినా నాకు తెలుస్తుంది" అన్నాడు. నేను వంటగుడిసెలో ఉండి, తడికె సందులోంచి చూస్తూ ఉంటానన్నాను. నా మనసులో ఒచాయే ఉన్నాడు. పట్టుకోవాలని ఉంది. దొంగతనం కోసం కాదు. ఆ మాట ఎందుకన్నావని నలుగురిలో నిలబెట్టి అడగాలని.

శనివారం మధ్యాహ్నం. చోళ్ళు చెరుగుతున్నాను. తోటలో ఆకుల మీద అడుగుల చప్పుడు. నెమ్మదిగా, ఆగి ఆగి, అచ్చం మనిషి అడుగు. చేట పక్కన పెట్టి సందులో కన్ను పెట్టాను.

ఒచాయ కాదు. చింపాంజీ. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయి ఉంది. ఊళ్ళో దాన్ని మొండిచేతిది అంటారు. బిగిర్వ మొక్కజొన్న చేలో ఇనుప పళ్ళ ఉచ్చులో పడి, చెయ్యి అక్కడే వదిలేసి పోయిన తల్లి. అది నిటారుగా లేచి అటు చూసింది, ఇటు చూసింది, ఇంటి తలుపు వైపు చూసింది. ఉప్పు కోసం నా వంటగుడిసెలోకి వచ్చే ముందు కబొనేస ఎలా చూస్తుందో అలాగే.

భుజం మీద ఎండిన అరటిదొప్ప లాంటిదేదో వేలాడుతోంది. గుంట పక్కకు వచ్చి దాన్ని దించింది. పడేయలేదు, దించింది. ఎండలో పెట్టి, మళ్ళీ ఎత్తి, నీడలోకి జరిపింది. అప్పుడు కనబడింది నాకు. బిడ్డ. చాలా రోజులైంది పోయి. మొహం పొగలో ఎండిన తోలులా అయిపోయింది. వేళ్ళు మాత్రం వేళ్ళలాగే ఉన్నాయి.

తల్లి ఒంటిచేత్తో నార తెంపి, మన్ను తోసి, ఆకు లాగి, పండు తీసి తింది. ఈగలు వచ్చాయి. కొమ్మ ఒకటి విరిచి బిడ్డ మీద విసనకర్రలా విసిరింది. ఒక పండు తినడం, కాసేపు విసరడం. మధ్యలో బిడ్డ చెయ్యి ఎత్తి, వేళ్ళ సందులు చూసి, పేలు చూసినట్టు తల వెంట్రుకలు పాయలు తీసింది. మళ్ళీ పండు తీసుకుంది. ఆకలి ఎలా వేస్తోందని నాకు అనిపించలేదు. నేనూ తిన్నాను, పిల్ల పోయిన మూడో నాడు, కబొనేస తెచ్చిన సంకటి, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

ఉన్నట్టుండి అది తల తిప్పి తడికె వైపు చూసింది. మనిషి కంట్లో తెల్లగుడ్డు కనబడుతుంది, ఎటు చూస్తున్నాడో ఎదుటివాడికి తెలిసిపోతుంది. దాని కంట్లో తెలుపు కనబడలేదు, అంతా గోధుమరంగే. నన్ను చూసిందో, నా వెనక లేచే పొగను చూసిందో తెలియలేదు. నన్ను చూసి అనుమానపడిందా, చూసి కూడా ఊరుకుందా, అదీ తెలియలేదు.

వాగు వైపు నుంచి ఎవరో దగ్గారు. తల్లి కంగారు పడలేదు. బిడ్డను ఎత్తి, దాని చెయ్యి తన మెడకూ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని తోటలోకి నడిచింది. అటు నుంచే ఒచాయ వచ్చాడు. దాన్ని తరమలేదు. దారి పక్కకు తప్పుకుని, నేల చూస్తూ, మోచెయ్యి గోక్కుంటూ నిలబడ్డాడు. అది దాటిపోయాక గుంట దగ్గరికి వచ్చాడు. తొక్కలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. ఆకు సర్దాడు, మన్ను లాగాడు, తట్టాడు, కొమ్మతో అడుగులు చెరిపేశాడు. తెగిన నార కొసలు కలిపి ముడి వేశాడు. వెళ్ళబోతూ ఆగి, ఆకు కింద చెయ్యి పెట్టి ఒక అత్తం పళ్ళు లాగి, చంకలో పెట్టుకుని పోయాడు.

అరుద్దామని నోరు తెరిచాను. మూసి, చేట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

సాయంత్రం బలింద వచ్చీ రాగానే గుంట దగ్గరికి పోయాడు. వంగి చూసి పిలిచాడు.

"అబ్వోలీ, ఇటు రా. ఇది నా ముడి కాదు."

"నారే కదా, ఎండకు బిగిసి ఉంటుంది."

"నలభై ఏళ్ళుగా కట్టెల మోపులు కడుతున్నా. నా ముడి నాకు తెలియదా? ఇది వల ముడి. రేవులో వలలు అల్లేవాళ్ళు వేసేది." మన్ను తోసి చూశాడు. పళ్ళు తగ్గాయి. లేచి నా మొహం చూశాడు. "పగలంతా ఇక్కడే ఉన్నావుగా, నువ్వేం చూడలేదా?"

"చోళ్ళు చెరుగుతున్నా" అన్నాను. అది నిజమే.

నారను ముడితో సహా కోసి పట్టుకుని బిగిర్వ ఇంటికి పోయాడు. తిరిగొచ్చి చెప్పాడు: రేపు ప్రార్థన అయ్యాక చైర్మన్ వాకిట్లో పంచాయితీ, ఒచాయ గుడిసె పీకించి సరస్సు దారి పట్టిస్తారు.

నేను మర్నాడు ప్రార్థనకు పోలేదు. తలనొప్పని చెప్పి, అందరూ వెళ్ళాక వాగు గట్టుకు నడిచాను. ఒచాయ దోనె బోర్లించి పీచుతో రుద్దుతున్నాడు. మా ఇంటి కల్లు కోసమే. తనకు ఏం జరగబోతోందో అతనికి అప్పటికే తెలుసు, అయినా రుద్దుతున్నాడు.

"నిన్న మా గుంట దగ్గర నిన్ను చూశాను" అన్నాను.

"ఇంకెవరిని చూశారమ్మా?"

"ఆ తల్లిని చూశాను."

రుద్దడం ఆపాడు.

"మరి వాళ్ళకు చెప్పొచ్చుగా. దొంగ నేను కాదు, అది, అని. ఎందుకు కప్పుతున్నావ్?"

"చెబితే ఈ సాయంత్రమే ప్రతి గుంట పక్కనా ఇనుప పళ్ళు పెడతారు. ఒక చెయ్యి ఇప్పటికే పోయింది. రెండోది కూడా పోతే బిడ్డను దేంతో పట్టుకుంటుంది?"

"చచ్చిపోయిన బిడ్డ."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. దానికీ తెలుసేమో. తెలిసినా దించబుద్ధి కావడం లేదు, అంతే." పీచు నీళ్ళలో ముంచాడు. "చెట్టెక్కి కాయ కోసుకోవాలంటే చెయ్యి ఖాళీగా ఉండాలి. ఉన్న చెయ్యి బిడ్డకు సరిపోతోంది. అందుకే నేల మీద దొరికే తిండికి వస్తోంది. దించాక రాదు."

"నిన్ను తరిమేస్తారు."

"నాకు రెండు కాళ్ళున్నాయి, ఊళ్ళు బోలెడున్నాయి. దానికి ఈ వాగు గట్టే ఉంది."

నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. "మరి ఆ అత్తం ఎందుకు పట్టుకుపోయావ్?"

"గుంట కప్పిన కూలి" అన్నాడు, నవ్వకుండా.

అప్పుడు అడిగాను, ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నది. బిడ్డను తొందరగా దించేశారని ఎందుకన్నావ్?

పీచు పిండి పక్కన పెట్టాడు. "నాకు మీ మాట పూర్తిగా రాదమ్మా. ఇక్కడ చాలా ఏళ్ళుగా చూస్తున్నా. అంతకుముందు ఇలాగే ఇంకో చింపాంజీ తల్లి పోయిన బిడ్డను నెలదాకా మోసింది. మీకు ఒక్క మధ్యాహ్నమే ఇచ్చారు. పాపం అనబోయాను. నోట్లోంచి అలా వచ్చింది."

గుడిసె చూరుకు కల్లు వడగట్టే బుట్ట వేలాడుతోంది. దాని అంచు చుట్టూ ముడులు, ఒకే రకం, చదునుగా, నాలుక మడిచినట్టు. ఆ ముడి నాకు తెలుసు. మా వంటగుడిసెలో కునిహిర చేసుకున్న నారబొమ్మ ఉంది. నడుముకు అదే ముడి. ఎక్కడ నేర్చుకున్నావే అంటే, "నాకే వచ్చింది" అనేది. బొమ్మ నడుము ఎండి వదులైనప్పుడల్లా విప్పి, అది ఎలా వేసిందో అలాగే మళ్ళీ కడుతూ వచ్చాను. నా వేళ్ళకు అలవాటైపోయింది.

"మా పిల్ల ఇక్కడికి వచ్చేదా?"

"కల్లు తొక్కే రోజుల్లో వచ్చేది. మీకు చెప్పొద్దంది." బుట్ట వైపు చూశాడు. "పైన కొమ్మల్లో ఉన్నవాళ్ళ పిల్లలూ తల్లి చేసేది చూసి చూసి నేర్చుకుంటారు. ఏళ్ళు పడుతుంది. తల్లి చెయ్యి పట్టి దిద్దదు. మీ పిల్ల కాసేపు చూసి, తను నేర్చుకుని, ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, అలా కాదు ఇలా అని నన్నే దిద్దింది."

చర్చి గంట వినబడింది. లేచి వచ్చేశాను. ఏం చేస్తానో అతనికి చెప్పలేదు. నాకే తెలియదు.

బిగిర్వ వాకిట్లో బల్ల వేసి, దాని మీద నార పెట్టారు. చుట్టూ మగవాళ్ళు, అటు గోడవారగా మేం. ఒచాయ నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, కల్లు తొక్కేటప్పటిలాగే.

"ఈ ముడి ఎవరిది?" అన్నాడు బిగిర్వ.

"వల ముడి" అన్నాడు ఒచాయ.

"నువ్వే వేశావా?"

ఒచాయ బల్ల మీది నార వైపు చూశాడు.

"చింపాంజీ ముడి వేయదు. మేమెవరం వల ముడి వేయం. ఇంక మిగిలిందెవరయ్యా? మూడిళ్ళ పళ్ళు తిని, మళ్ళీ మా కల్లు తొక్కడానికి కూలి అడుగుతావు." జనం వైపు తిరిగాడు. "ఇంకెవరైనా ఏదైనా చూశారా? చూసి ఉంటే ఇప్పుడే చెప్పండి."

బలింద నా వైపు చూశాడు. చూశానని చెబితే ఇనుప పళ్ళు. చెప్పకపోతే సరస్సు దారి. లేచాను. నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాదు. వాకిలంతా ఇటు తిరిగింది.

"గుంటలు తీసింది నేను" అన్నాను.

కబొనేస ఒళ్ళోని బిడ్డకు తినిపిస్తున్న చిక్కుడు గింజ ఆమె చేతిలో అలాగే ఆగింది.

"నువ్వా, అబ్వోలీ? మా గుంట కూడానా?" అన్నాడు బిగిర్వ.

"మీదీ, అకీకీ వాళ్ళదీ, మాదీ. పిల్ల దగ్గర పెట్టాలనిపించింది. దానికి మాగిన పండంటే ఇష్టం. అడిగితే ఇస్తారు గానీ, ఎందుకని అడుగుతారు. అందుకే అడగలేదు."

"మరి ఈ ముడి?"

"అదీ నేనే. అద్యేరి నేర్పాడు."

ఆ పేరు నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. ఒచాయ తల ఎత్తాడు. నా కూతురి ముద్దుపేరును కల్లు తొక్కేవాడికి పెట్టి పిలిచానని అందరికీ అర్థమైంది. నాకే చివరగా అర్థమైంది.

బిగిర్వ తేరుకున్నాడు. అతని కళ్ళు చిన్నవయ్యాయి. "నేర్పితే వచ్చే ఉంటుంది. ఏదీ, వేసి చూపించు."

నార విప్పి నా ముందు పెట్టారు. తీసుకున్నాను. చూడలేదు దాని వైపు, బొమ్మ నడుమును తలుచుకున్నాను. కొస పైకి, కిందికి, మడిచి లోపలికి. లాగాను. బిగుసుకుంది. బల్ల మీద పెట్టాను.

బిగిర్వ దాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, బలిందకు ఇచ్చాడు. బలింద చాలాసేపు చూశాడు.

"అదే" అన్నాడు చివరికి.

బిగిర్వ గొంతు తగ్గించాడు. "తల్లి మనసు. ఏం చేస్తాం. ఇక పొండి అందరూ."

లేచేటప్పుడు కబొనేస నా చెవి దగ్గరికి వచ్చింది. "అన్ని పళ్ళా? సమాధి మీద ఒక్క తొక్క కూడా కనబడలేదేమే నాకు?"

"ఏరేశాను."

"ఊఁ" అంది. నమ్మలేదు. ఉప్పు కోసం నా వంటగుడిసెలోకి ఇప్పుడు ఇంకాస్త తరచుగా వస్తోంది, వచ్చిన ప్రతిసారీ వెనక తోటలోకి తొంగి చూస్తోంది.

ఇంటికి వచ్చాక బలిందకు నారబొమ్మ చూపించాను. దాని నడుము తడిమి మళ్ళీ చూరులో పెట్టాడు.

"ముడి నువ్వే వేసి ఉండొచ్చు" అన్నాడు. "గుంట తీసింది నువ్వు కాదు. నీ గోళ్ళల్లో మన్ను లేదు."

నేను పొయ్యి ఊదుతూ కూర్చున్నాను. అతను ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం మంచికో చెడ్డకో తెలియడం లేదు. అప్పటి నుంచి నేను తోటలోకి వెళ్తే వెనక నుంచి దగ్గుతాడు, నేనున్నానని చెప్పడానికో, చూస్తున్నానని చెప్పడానికో. దొంగనన్న పేరు ఒచాయ మీద నుంచి లేచి నా మీద కూర్చుంది. పెద్ద బరువేమీ కాదు. మోస్తున్నాను.

నాకూ ఒక అనుమానం మిగిలే ఉంది. ఒక్క తల్లి, ఒక్క చెయ్యి. మూడు గుంటల్లో సగం సగం పళ్ళు తిని ఉంటుందా? ఒచాయ కూలి ఒక్కో గుంటకు ఒక్క అత్తమేనా? అడగలేదు. అడిగితే మళ్ళీ అలాగే నవ్వకుండా ఏదో ఒకటి చెబుతాడు, నేను మళ్ళీ నమ్మాల్సి వస్తుంది.

మిగిలిన పళ్ళతోనే వేడుకకు కల్లు చేయాలని బలింద నిర్ణయించాడు. ఎవరిని పిలుస్తాడోనని చూశాను. వాగు వైపు కబురు పెట్టాడు.

ఒచాయ పొద్దున్నే వచ్చాడు, దోనె నెత్తిన పెట్టుకుని. కంచె దగ్గర ఆగాడు. ఇన్నేళ్ళూ "అమ్మా" అని పిలిచి నిలబడేవాడు. ఆ రోజు గొంతు సవరించుకుని, "అబ్వోలీ" అన్నాడు, తప్పు చేస్తున్నవాడిలా. ఆపైన నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేలా, "దించింది. వాగు మలుపు దగ్గర, రెల్లులో. నిన్న పొద్దున చూశాను. రెండు చెట్లు ఎక్కింది" అన్నాడు.

"నువ్వేం చేశావ్?"

"కప్పాను" అన్నాడు.

నేను లోపలికి పోయి నీళ్ళు తెచ్చేలోగా బలింద బయటికి వచ్చాడు. నా చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. ఒచాయను పైనుంచి కింది దాకా చూశాడు, ఆ పొడుగాటి పాదాల దగ్గర చూపు ఆగింది. నా వైపు ఒకసారి చూశాడు. ఇంకా ఏదో తేలనట్టే ఉంది ఆ చూపు.

"కాళ్ళు కడుక్కో, అద్యేరీ" అన్నాడు. చెంబు వంచి, తనే నీళ్ళు పోశాడు.

పెద్ద వానల తర్వాత మా కంచె లోపల ఆ పేరు పలకడం ఇదే మొదలు. నేను దోనెలో గడ్డి పరవడానికి వంగాను.